ఎడమవైపు అద్దం

పోయినవారం రుక్మిణమ్మను మదనపల్లెలో హిదాయతుల్లా షెడ్డు ముందర, ఆవిర్లు కక్కుతున్న నల్ల అంబాసిడర్ పక్కన నిలబెట్టి వచ్చాం. భర్త రాజగోపాల్ పోయి అయిదు నెలలైంది. కుప్పంలో ఇల్లూ, నూనె మిల్లూ ఇప్పుడు మరిది సిద్దప్ప చెప్పినట్టు నడుస్తున్నాయి. బండి అమ్మేద్దామని, అమ్మే ముందు చెడిపోయిన ఏసీ బాగుచేయిస్తే మేలని, "నువ్వుగూడా పోయిరా వదినా, ఇంట్లోనే కూర్సుంటే ఎట్ల" అని సిద్దప్ప ఆమెను డ్రైవర్ మునెప్పతో పంపాడు. తెల్లారకముందే బయల్దేరి వచ్చారు. హిదాయతుల్లా బానెట్ ఎత్తి చూసి, కంప్రెసర్ పట్టేసిందనీ, బెంగళూరు నుంచి కొత్తది తెప్పించాలనీ చెప్పాడు. దానికి రుక్మిణమ్మ అన్నది ఒకటే మాట.

"బాగుచేసేది వద్దప్పా. పీకేయి."

హిదాయతుల్లా చేతిలో స్పానర్ అట్లాగే ఆగింది. నలభై దాటిన మనిషి, మాట నిదానం.

"తొందరపడొద్దమ్మా. ఏసీ ఉండే బండ్లు ఈ పక్క ఎన్ని ఉండాయని? నాలుగు దినాలు ఓర్సుకుంటే కొత్తది ఏసిస్తా. మంచు మాదిరి గాలి కొడతాది."

"ఆ గాలే వద్దంటాండాను."

"సిద్దప్ప అన్న బాగుచెయ్యమని సెప్పి పంపినాడే?"

"బండి నాది. నా పేరునే ఉండాది."

అన్నాక రుక్మిణమ్మకే ఆశ్చర్యం వేసింది. ముప్పై తొమ్మిదేళ్ల బతుకులో 'నాది' అన్న మాట తన నోట ఎప్పుడొచ్చిందో గుర్తు రాలేదు.

హిదాయతుల్లా బండి ముందర గొంతుక్కూర్చున్నాడు. "ఈ ఏసీ బిగించింది నేనేనమ్మా. పదకొండేండ్ల కింద బెంగళూరులో ఉస్తాద్ దగ్గర పని నేర్సుకుంటాంటి. అయ్య పక్కనే కుర్సీ ఏసుకొని కూర్సున్నాడు. 'బయట గాలి యాడా దూరకూడదు' అని నూరు మాట్లు అన్నాడు. నేనైతే దుమ్ముకు భయపడతాండాడేమో అనుకుంటి."

దుమ్ముకు కాదు. రాజగోపాల్ గాలికే భయపడేవాడు. చిన్నప్పుడు ఒకే ఇంట్లో, మూడేళ్లలో, తల్లినీ ఇద్దరన్నలనూ క్షయ తీసుకుపోయింది. వాళ్లు దగ్గిన గది తలుపు సందులోనుంచి చూస్తూ పెరిగిన పిల్లవాడు పెద్దవాడై, మిల్లు పెట్టి, పెళ్లి చేసుకున్నా, లోపల ఆ సందు దగ్గరే నిలబడి ఉండిపోయాడు. డెబ్బై నాలుగులో రుక్మిణమ్మ చెల్లెలు బుజ్జమ్మకు అదే జబ్బు వచ్చి, మదనపల్లె దగ్గరి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. మందులకూ తిండికీ రాజగోపాల్ ఏ లోటూ రానీయలేదు. భార్యను మాత్రం ఆ గేటు దాటనీయలేదు. అదే ఏడు బండికి ఏసీ వచ్చింది. అద్దాలు మూతపడ్డాయి. వెనక సీటుకు పరదాలు వచ్చాయి. నెలనెలా మొదటి శుక్రవారం మండీ పని మీద మదనపల్లెకు పోతూ రుక్మిణమ్మను వెంట తీసుకుపోయేవాడు. ఆమె కళ్లెదుట ఉంటేనే ఆయనకు ధైర్యం.

రెండేళ్ల తర్వాత ఒకరోజు అన్నం దగ్గర చెప్పాడు. "బుజ్జమ్మకు నయమైంది. కోలారు దిక్కు పనికి కుదురుకున్యాది. ఒక్కపొద్దన్నా సూసేకి రాని అక్క మొగం సూడనంటాండాది."

రుక్మిణమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? చెల్లెలు ఆ మాట అనడం న్యాయమేననిపించింది. అప్పటినుంచి బండి పలమనేరు దాటితే చాలు, కళ్లు మూసుకునేది. ఆ ఆస్పత్రి ఉన్న దిక్కుకు పోతున్నామంటే కళ్లు తెరిచి కూర్చోవడం ఆమెవల్ల అయ్యేది కాదు.

"పీకేయప్పా," అంది మళ్లీ. "పదకొండేండ్లు ఇదే దావన తిరిగినా. ఏ ఊరి వాసనా తెలీలేదు నాకు."

హిదాయతుల్లా లేచి స్పానర్ అందుకున్నాడు.

ముందు గ్యాస్ వదిలాడు. మర వదులు చేయగానే బుస్సుమని తెల్లటి పొగలాంటిది లేచింది. ఇత్తడి మూతి మీద చూస్తుండగానే మంచు పేరుకుంది. "సెయ్యి పెట్టొద్దమ్మా, సల్లదనానికే బొబ్బలొస్తాయి" అన్నాడు. తర్వాత బెల్టు కోసేశాడు. ఇంజను పక్కన బిగించిన కంప్రెసర్ బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి, నానబెట్టి, సుత్తితో తట్టితట్టి ఒక్కోటీ ఊడదీశాడు. ఆ ఇనపగుండును ఎత్తడానికి మునెప్పను కేకేస్తే వచ్చి ఒక చెయ్యి వేసి, మళ్లీ బయట పాత టైరు మీద కూర్చున్నాడు. పొద్దుటినుంచీ ఆయన మనిషిలా లేడు. టీ తెచ్చిస్తే తాగలేదు.

ఆ బరువు దిగగానే బండి ముందుభాగం రెండు వేళ్లంత పైకి లేచింది.

డాష్‌బోర్డు కింది బ్లోయర్ డబ్బా వచ్చేసింది. దానినుంచి ఇంజను వైపు పోయే రబ్బరు పైపులు వచ్చాయి. అవి పోయిన బెజ్జాలకు రబ్బరు మూతలు కొట్టాడు. ఆఖరున రేడియేటర్ ముందరున్న జల్లెడలాంటి కండెన్సర్‌ను రెండు చేతులా పట్టి బయటికి లాగి, రుక్మిణమ్మ ముందర గోడకు ఆనించాడు.

"ఇదమ్మా బండి కాగిపోయేదానికి కారణం. సందులన్నీ మూసుకపోయినాయి. రేడియేటర్‌కు గాలే అందలే."

రుక్మిణమ్మ వంగి చూసింది. సన్నటి రేకుల మధ్య పదకొండేళ్ల దారంతా ఇరుక్కుని ఉంది. సీతాకోకచిలుకల రెక్కలు, తూనీగలు, వేరుశెనగ పొట్టు, గడ్డి గింజలు, బూరుగు దూది. ఒక పసుప్పచ్చ రెక్కను గోటితో తీయబోతే పొడైపోయింది.

పుట్టినూరు బైరెడ్డిపల్లెలో చిన్నప్పుడు పలమనేరు బస్సెక్కితే కిటికీ సీటు కోసం ఇద్దరికీ కొట్లాట. ఎప్పుడూ బుజ్జమ్మే గెలిచేది. తల బయట పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, వాసనలు పట్టి ఊళ్లు చెప్పేది. "బెల్లం కాగుతాండాదక్కా, ఇంగ రెండు మలుపులే." "పట్టుపురుగుల ఇల్లొచ్చింది, ముక్కు మూసుకో." ఒక్కసారి కూడా తప్పు చెప్పేది కాదు. గాలికి ఎగిరిన దాని జడ వచ్చి రుక్మిణమ్మ మొహాన తగిలేది. తిట్టేది రుక్మిణమ్మ. ఇప్పుడా జడ దెబ్బ కోసం ఏమిచ్చినా సరేననిపించింది.

"అమ్మా, ఒకసారి ఈడికి రాండి."

హిదాయతుల్లా వెనక తలుపు దగ్గరున్నాడు. "ఏసీ పోయినాక అద్దాలు దిగల్ల గదా. మూడూ దిగతాండాయి. ఈ ఎడమపక్కది మాత్రం కదల్లే. ఏందా అని తలుపు అట్ట ఊడదీస్తే..." తలుపు లోపల టార్చి వేశాడు. అద్దం కింద అరచేయంత ఇనపబిళ్ళ. నాలుగు బోల్టులతో బిగించి ఉంది. "ఇది ఏసీ పని కాదమ్మా. నేనెయ్యలే. ఈ ఒక్క అద్దం దిగకూడదని ఎవురో కావాలని ఏసినారు."

ఆ పక్క సీటు రుక్మిణమ్మది. ఎప్పుడూ ఆమె కూర్చునేది అక్కడే.

"మునెప్పా!"

మునెప్ప టైరు మీదనుంచి లేచాడు. తలగుడ్డ తీసి చేతిలో నలుపుకుంటూ వచ్చి, ఇనపబిళ్ళ వైపు చూడకుండానే చెప్పాడు.

"ఏసింది నేనేనమ్మా."

"యాల?"

"అయ్య ఎయ్యమన్నాడు."

"యాల ఎయ్యమన్నాడని అడగతాండాను."

మునెప్ప తలగుడ్డ భుజాన వేసుకున్నాడు. "శానా ఏండ్ల కింద ఒకపొద్దు పుంగనూరులో ఎవురో అద్దం మీద దబదబా తట్టినారు. మీరు ఉలిక్కిపడి లేసినారు. గుర్తుండాదా అమ్మా?"

గుర్తుంది. ఏసీ హోరులో ఏమీ వినపడలేదు. పరదా కదిలితే సందులో రెండు అరచేతులు కనపడ్డాయి, అద్దానికి అతుక్కుని. అంతలోనే బండి ముందుకు దూకింది. బిచ్చగత్తె అన్నాడు రాజగోపాల్.

"బిచ్చగత్తె కాదమ్మా. బుజ్జమ్మ."

పక్క షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. హిదాయతుల్లా టార్చి ఆర్పాడు.

"కోలారు..." అంది రుక్మిణమ్మ.

"కోలారూ లేదు, ఏమీ లేదు. ఆస్పత్రినించి బయటికొచ్చినప్పటినించీ ఆయమ్మ పుంగనూరులోనే ఉండాది. జాకెట్లు కుడతాది. నయమైందని డాక్టరు రాసిచ్చిన కాయితం అక్కకు సూపించల్లని ఆపొద్దు బండికి అడ్డమొచ్చింది. మర్నాడే అయ్య నాతో ఈ బిళ్ళ ఏపించినాడు. ఆ మర్నాడు నన్ను తోడు తీసుకొని పుంగనూరు పోయినాడు. రోడ్డుకు ఈపక్క ఆయన, ఆపక్క ఆయమ్మ. అంత దూరాన్నుంచే మాట్లాడినాడు."

"ఏమని?"

"మీ అక్కకు రొమ్ములో బలం లేదు, నీ గాలి తగిల్తే బతకదు, ఆమె బతకల్లంటే దగ్గరికి రావద్దు అని. ఏడ్సినాడమ్మా అయ్య. రోడ్డు మీద నిలబడుకొని సేతులెత్తి మొక్కినాడు ఆయమ్మకు."

"అదేమనింది?"

"దూరంగా నిలబడి సూడొచ్చునా బావా అని అడిగింది."

రుక్మిణమ్మ తలుపు పట్టుకుంది.

"సూసుకో అన్నాడు అయ్య. నెలనెలా మొదటి శుక్రవారం పుంగనూరు మలుపులో బండి నిదానంగా పోనిమ్మనేవాడు నన్ను. పోనిచ్చి, తాను తల తిప్పుకొనేవాడు. ఆయమ్మ రేడియో రిపేరు అంగడి ముందర నిలబడేది. వానొచ్చినా రాకపోయినా ఒక్క నెల తప్పలే. సెయ్యి ఎత్తేది. బండి పొయ్యేదాకా దించేది కాదు. అంతే."

"నన్ను సూసేదా? పరదా ఏసుంటే ఏం కనపడతాది దానికి?"

మునెప్ప మొదటిసారి తలెత్తాడు. కళ్లనిండా నీళ్లు. "పరదా జానెడు పక్కకు కట్టేది నేనేనమ్మా. మీ మొగం కనపడల్లని. ఎండ మొగాన కొడతాందని ఒక్కోతూరి మీరే లాగేసేవాళ్లు."

నిజమే. చాలాసార్లు లాగేసింది. పరదా సరిగ్గా కట్టడం కూడా చేతకాదా అని మునెప్పను కసిరింది కూడా. కళ్లు మూసుకుని, ఎక్కడో కోలారులో తనను అసహ్యించుకుంటున్న చెల్లెల్ని తలుచుకుంటూ, ఆ చెల్లెలి కళ్లముందరే పరదా లాగేసింది.

"ఆయన పోయి అయిదు నెలలాయె." రుక్మిణమ్మ గొంతు లేచింది. "ఇప్పుడన్నా యాల నోరు తెరవలే నువ్వు? ఎవురికి భయపడితివి? సచ్చిపోయినోడికా?"

"దినాలు ముగిసిన మర్నాడే సిద్దప్ప అన్నకు సెప్తినమ్మా. ఆడమనిషికి ఇట్లాంటిది నేను సెప్పేదానికంటే ఇంటోళ్లు సెప్పేది మేలని. 'నేను సెప్తాలే, నువ్వు నోరెత్తొద్దు' అన్నాడు. సెప్పే ఉంటాడు, మీకే మనసు రాలేదేమో అనుకుంటి."

సిద్దప్ప చెప్పలేదు. అయిదు నెలలూ రోజూ ఆమె చేతి అన్నం తింటూ ఒక్క మాట చెప్పలేదు. కానీ దాన్ని గురించి ఆలోచించే ఓపిక అప్పుడామెకు లేదు.

"పొద్దున ఆ దావనే గదా వచ్చినాం మనం," అంది.

"ఆ అంగడి దిక్కు సూస్తినమ్మా. లేదు. ఈపొద్దు శుక్రవారం కాదు గదా."

రుక్మిణమ్మ కొంగుతో మొహం తుడుచుకుని హిదాయతుల్లా వైపు తిరిగింది. "ఆ బిళ్ళ ఊడదియ్యప్పా. బిన్నా, పొద్దు పోతాండాది."

నాలుగు బోల్టులు ఊడటానికి ఎంతోసేపు పట్టలేదు. అద్దమే మొండికేసింది. రబ్బరు కరిగి అతుక్కుపోయింది. హిదాయతుల్లా సబ్బునీళ్లు పోసి, వేరే బండి హ్యాండిల్ తెచ్చి బిగించి, పైనుంచి తాను రెండు అరచేతులూ ఆనించి కిందికి నొక్కుతూ తిప్పమన్నాడు. రుక్మిణమ్మే తిప్పింది. కిర్రుమని అంగుళం దిగింది. తర్వాత జానెడు. ఆ తర్వాత ఒక్కసారిగా మొత్తం లోపలికి జారిపోయింది.

వైర్లకు టేపు చుట్టి, రేడియేటర్‌లో నీళ్లు పోసి ఇంజన్ తిప్పాడు. వేడి ముల్లు లేచి, సగానికి వచ్చి నిలిచిపోయింది. "ఇంగ ఘాట్ ఎక్కినా కాగదమ్మా," అన్నాడు. పనికి ఏమివ్వాలో అడిగితే, కంప్రెసర్ రాగీ ఇనుమూ తనకు చాలన్నాడు. ఆమె బండెక్కుతుంటే దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "నేను బిగించిన మొదటి ఏసీ అమ్మా ఇది. ఎవురికో సుఖమిచ్చిందిలే అనుకుంటాంటి ఇన్నాళ్లూ."

"నువ్వేం చేస్తావప్పా," అంది రుక్మిణమ్మ.

మదనపల్లె దాటగానే గాలి మీద పడింది. ఎండలో కాగిన గాలి, ఎర్రమట్టి గాలి. కొంగు లేచి మునెప్ప సీటు మీద కొట్టుకుంది. ముడి ఊడి వెంట్రుకలు నోట్లోకి వచ్చాయి. ఆమె సర్దుకోలేదు. టమాటా తోటల మీద చల్లిన మందు వాసన, దాని వెనకే తడిసిన మడి వాసన, ఒక ఊరి బయట వేయిస్తున్న వేరుశెనగల వాసన. ప్రతి ఒక్కటీ బుజ్జమ్మకు చెప్పాలనిపించింది. ఏమని పిలవాలో, ముందు ఏ మాట అనాలో లోపల కూర్చుకుంది. నేను రాలేదు కాదే, నన్ను రానియ్యలేదు. వద్దు, అట్ల మొదలుపెట్టకూడదు. జడ వేసుకుంటాండావా ఇంకా? అది కూడా కాదు. పుంగనూరు దగ్గరపడేకొద్దీ కూర్చుకున్న మాటలన్నీ గాలికి పోయాయి. చెల్లెలి మొహం ఒక్కసారి రెండు చేతుల్లో పట్టుకుంటే చాలు. మాటలు ఎందుకు?

రేడియో అంగడి ముందర మునెప్ప బండి ఆపాడు. ఆ సందులోనే మూడో ఇల్లు. మైమూన్ బీ అని, భర్త పోయిన ముసలామె, ముందరి గది బుజ్జమ్మకు బాడుగకిచ్చిందని దారిలోనే చెప్పాడు.

ముందరి గదికి తాళం. పక్క కిటికీలోంచి చూస్తే లోపల కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. గోడకు ఇద్దరు పిల్లల ఫోటో. ఒకతె కెమెరాను చూస్తోంది, రెండోది పక్కనున్న అక్కను చూస్తోంది.

"ఎవురమ్మా?" పక్క వాకిట్లో బియ్యం చెరుగుతున్న మైమూన్ బీ చేట నడుముకు ఆనించుకుని, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుంది. రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయింది. "యా అల్లా! రుక్మిణమ్మవి గదా నువ్వు? తొమ్మిదేండ్లుగా నీ మొగం గురించి ఇంటాండాను. అద్దంలో ఈపొద్దు అక్క సిక్కిపోయినట్ల కనపడింది మైమూనక్కా, ఈపొద్దు రొంత తేటగా ఉండాది మైమూనక్కా అని." ఆమె ముడతల మొహం వెలిగింది. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి. "ఔగానీ తల్లీ, నువ్వు ఈడ ఉండావేంది?"

"బుజ్జమ్మ కోసం వచ్చినా. యాడికి పోయింది?"

"యాడికేంది? నీ దగ్గరికే గదా! పొద్దున తొమ్మిదిన్నర బస్సుకు కుప్పం పాయె. నువ్వు రమ్మంటేనే గదా పోయింది?"

రుక్మిణమ్మకు అర్థం కాలేదు. "నేను రమ్మనిందేమి?"

"జాబు రాస్తివి గదమ్మా. మొన్న వచ్చింది. పదిమాట్లు సదివింది నాకు, ఏడుస్తా, నగుతా. నాకు ఒళ్లు బాగలేదు, బుధవారం తప్పకుండా రా, అమ్మ మనిద్దరి పేరున రాసిన బైరెడ్డిపల్లె చేని కాయితాలు మర్సిపోకుండా తీసుకొని రా, ఎవురికీ సెప్పకుండా ఒక్కదానివే రా అని. కింద నీ పేరే. కొత్త చీర కట్టుకొని, కాయితాలు సంచిలో పెట్టుకొని పాయె పిచ్చితల్లి. నేను తోడొస్తానంటే, అక్క ఒక్కదాన్నే రమ్మనింది మైమూనక్కా అని నన్ను గూడా రానీలే."

"నేను జాబు రాయలేదు." తన గొంతు తనకే ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టు వినపడింది. "అది ఈ ఊర్లో ఉండాదనే నాకు తెలీదు. ఈపొద్దు మధ్యాన్నం దాకా తెలీదు."

మైమూన్ బీ చేతిలో చేట ఒరిగింది. బియ్యం వాకిలంతా జారాయి. మునెప్ప బండి వైపు పరిగెత్తాడు. మూడున్నర దాటింది. పొద్దుటి బస్సు కుప్పం చేరి గంట పైనే అయ్యుంటుంది.

ముసలామె వచ్చి రుక్మిణమ్మ చెయ్యి పట్టుకుంది.

"అట్లయితే తల్లీ, ఆడ కుప్పంలో నీ పేరు పెట్టుకొని నా బిడ్డ కోసం ఎదురుసూస్తాండేది ఎవురు?"